బీపీ నార్మలే, మరి నాడి?

నర్సింగ్ పరీక్షలకు చదివేవాళ్ళను బాగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. సర్జికల్ వార్డులో ఇప్పుడే డ్యూటీ ఎక్కారు. మీ కింద నలుగురు పేషెంట్లు. మొదటి కుర్రాడికి నిన్న అపెండిక్స్ తీశారు, నొప్పి పదికి ఏడు అంటూ మూలుగుతున్నాడు. రెండో ఆమెకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయి ఒక రోజు, ఒంట్లో వేడి 37.9 డిగ్రీల సెల్సియస్. మూడో ఆయనకు పేగు ఆపరేషన్ అయి ఆరు గంటలు. బీపీ 112/88. నాడి మాత్రం 84 నుంచి 118కి ఎక్కింది. మంచం మీద కుదురుగా ఉండలేక, దాహం దాహం అంటున్నాడు. నాలుగో పెద్దాయన హెర్నియా నయమై ఇంటికి బయల్దేరాడు, డిశ్చార్జి కాగితాల కోసం గంట నుంచి కేకలేస్తున్నాడు. ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

మన వార్డుల్లో అయితే ముందు కేకలేసేవాడి పని అవుతుంది, తర్వాత మూలిగేవాడిది. పరీక్షలో ఆ రెండు జవాబులకూ మార్కు లేదు. వెళ్ళాల్సింది మూడో మంచం దగ్గరికి. కడుపులో ఎక్కడో రక్తం కారుతూ ఉండొచ్చు.

“బీపీ బాగానే ఉంది కదా” అనేది ఇక్కడ అందరికీ వచ్చే సందేహం. ఆపరేషన్ పేషెంటును కనిపెట్టుకుని ఉండే విద్యలో సగం ఈ సందేహానికి జవాబే. శరీరం నష్టాన్ని వెంటనే బయటపెట్టదు, చేతనైనంతసేపు సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు తాలూకు గుర్తులు ముందు కనిపిస్తాయి, అది విఫలమైన గుర్తులు తర్వాత వస్తాయి. ఏది ముందు గుర్తు, ఏది ఆలస్యపు గుర్తు అన్నది తెలిసిన నర్సుకు కొంత సమయం చేతిలో ఉంటుంది.

పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. మెడలోని ప్రధాన ధమనుల్లో, గుండె నుంచి బయల్దేరే మహాధమని వంపులో ఒత్తిడిని కొలిచే నాడీ కణాలున్నాయి. రక్తం తగ్గి ధమని గోడ కాస్త వదులు కాగానే ఇవి మెదడుకు కబురు పంపుతాయి. ఎడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. చర్మం, పేగులు, మూత్రపిండాలకు వెళ్ళే రక్తనాళాలు బిగుసుకుని, ఉన్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్ళిస్తాయి. సుమారు 750 మిల్లీలీటర్లు పోయేదాకా బయటికి పెద్దగా ఏమీ కనపడదు. అక్కడి నుంచి లీటరున్నర వరకూ నాడి వందకు పైగా పరుగెడుతుంది కానీ పై బీపీ దాదాపు మామూలుగానే ఉంటుంది. లీటరున్నర దాటాకే పడిపోతుంది. బీపీ పడింది అని ఎవరైనా పరుగెత్తుకొచ్చేసరికి, ఒంట్లో రక్తం దాదాపు మూడో వంతు పోయి ఉంటుందన్న మాట.

మూడో పేషెంటు అంకెల్ని మళ్ళీ చూడండి. ఆపరేషన్ ముందు ఆయన బీపీ 124/76 అనుకుందాం. పైదానికీ కిందిదానికీ తేడా 48. ఇప్పుడు 112/88, తేడా 24. రక్తనాళాలు బిగుసుకున్నాయి కాబట్టి కింది అంకె పైకి లేచింది, గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం తగ్గింది కాబట్టి పై అంకె దిగింది. రెండూ దగ్గరవుతున్నాయంటే రక్తస్రావం గురించి ఆలోచించాలి. చేతులు తాకితే చల్లగా ఉంటాయి. యూరిన్ బ్యాగ్‌లో మూత్రం తగ్గుతుంది. గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు చొప్పున, అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు రావాలి. అంతకన్నా తగ్గితే మూత్రపిండాలకు రక్తం చాలడం లేదేమోనని చూడాలి. కుదురు లేకపోవడం, విసుగు, అయోమయం మెదడు చెప్పే గుర్తులు. “ఈయనకు మొదటినుంచీ కోపమెక్కువ సిస్టర్” అని భార్య సర్దిచెప్పినా నర్సు మటుకు ఆ మాట నమ్మకూడదు.

ఇందులో ఒక మెలిక ఉంది. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్ళలో గుండె వేగం అంతగా పెరగదు. ఎటినోలాల్, మెటోప్రోలాల్ లాంటివి మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి వేసుకుంటున్నవే. అలాంటి మనిషిలో నాడి 80 దగ్గరే ఉండి కూడా లోపల రక్తం పోతుండవచ్చు. అడ్మిషన్ రోజు “ఇంట్లో ఏ మందులు వాడుతున్నారు?” అని నర్సు అడిగే ప్రశ్న ఫైలు నింపడానికి కాదు. సంచీలో ఉన్న మాత్రలన్నీ తీసి చూపించండి.

రక్తం ఎక్కడికి పోతోందో చూడటంలోనూ ఒక పద్ధతి ఉంది. డ్రెస్సింగ్ పైన తెల్లగా ఉంది కదా అని వదిలెయ్యకూడదు. రక్తం పల్లానికి పారుతుంది. కడుపు ఆపరేషన్ అయినవాళ్ళ నడుము కిందికి, థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్ళ మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి చూడాలి. థైరాయిడ్ విషయంలో పరీక్షలు పెట్టేవాళ్ళకు ప్రత్యేకమైన ప్రేమ. మెడలో కొద్దిపాటి రక్తం గడ్డకట్టినా శ్వాసనాళం మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి మెడ బిగుతుగా ఉందన్నా, గొంతు మారినా, ఊపిరిలో ఈల వినిపించినా క్షణం ఆగకూడదు. మంచం పక్కనే ట్రకియాస్టమీ సెట్ ఉంచమనేది అందుకే. ఒకటి రెండు రోజుల తర్వాత పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిరి అంటే దాని కథ వేరు. థైరాయిడ్ వెనక అంటుకుని ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని రక్తంలో కాల్షియం తగ్గుతోందని అర్థం.

ఊపిరి లెక్క రక్తం లెక్క కన్నా నిర్లక్ష్యానికి గురైంది. ఏ వార్డులోనైనా చార్టు తిరగేస్తే శ్వాస గడిలో అందరికీ 18 లేదా 20 రాసి ఉంటుంది. అంతమంది ఒకే వేగంతో ఊపిరి పీలుస్తారని నమ్మడం కష్టం. బీపీకి, ఆక్సిజన్‌కు మిషన్లున్నాయి. మామూలు వార్డులో శ్వాసను మాత్రం మనిషి కూర్చుని, గడియారం చూస్తూ, పేషెంటుకు తెలియకుండా నిమిషం పాటు లెక్కపెట్టాలి. తీరిక లేని షిఫ్టులో ముందు ఎగిరిపోయేది ఆ నిమిషమే. కానీ మనిషి విషమిస్తున్నాడని అన్నిటికన్నా ముందు చెప్పే అంకెల్లో అదొకటి.

ఆపరేషన్ నొప్పికి మార్ఫిన్, ఫెంటనిల్ లాంటివి ఇస్తారు. ఇవి మెదడులో శ్వాసను నడిపే కేంద్రాన్ని మందగింపజేస్తాయి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉంటే, నిమిషానికి ఎనిమిది సార్లే ఊపిరి తీస్తున్నా మీటర్లో 98 కనిపిస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ లోపలికి వెళ్తోంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం లేదు. దాన్ని ఆ మీటర్ చూడలేదు. చివరికి ఆ 98 పడిపోయేటప్పటికి ఆలస్యమవుతుంది. శ్వాస తగ్గడానికి ముందే మగత పెరుగుతుంది కాబట్టి పిలిస్తే పలుకుతున్నాడా, మాట మధ్యలో కళ్ళు మూతపడుతున్నాయా అన్నది మీటరు కన్నా ముందు చూడాలి. “పాపం రెండ్రోజులుగా నిద్ర లేదు, ఇప్పుడు హాయిగా గురకపెట్టి పడుకున్నాడు, లేపకండి సిస్టర్” అని బంధువులు బతిమాలుతుంటారు. మార్ఫిన్ తర్వాత వచ్చే కొత్త గురక హాయి కాకపోవచ్చు, నాలుక వెనక్కి జారి శ్వాసదారి సగం మూసుకుపోవడం కావచ్చు. అలాంటప్పుడు లేపి చూసే సిస్టర్‌ని తిట్టుకోకండి. పేషెంటే బటన్ నొక్కి నొప్పి మందు తీసుకునే పంపు ఉంటే, ఆయన బదులు మీరు నొక్కకండి కూడా. మగతలో ఉన్నవాడు నొక్కలేడన్నదే ఆ పంపులోని రక్షణ. జాలిపడి కొడుకో కూతురో నొక్కితే ఆ రక్షణ పోయినట్టే. శ్వాస మరీ పడిపోతే నాలాక్సోన్ అనే విరుగుడు ఉంది, కానీ దాని పని ముందుగా అయిపోయి మార్ఫిన్ మత్తు మళ్ళీ కమ్మే అవకాశం ఉంది. ఇంజక్షన్ ఇచ్చాక కూడా మంచం దగ్గరే ఉండాలి.

ఆలస్యపు గుర్తు పేరులోనే ఉన్న జబ్బు ఒకటుంది. 1960లో మెల్‌బోర్న్‌లో ఓ 21 ఏళ్ళ విద్యార్థి కాలు విరిగి ఆస్పత్రికి వచ్చాడు. కాలి కన్నా మత్తు అంటేనే అతనికి ఎక్కువ భయం. బంధువుల్లో పది మంది మత్తు తీసుకుని చనిపోయారు. మైఖేల్ డెన్‌బరో, ఆయన సహచరుడు లోవెల్ ఆ కుటుంబ కథను అదే ఏడు లాన్సెట్ పత్రికలో రాశారు. మెలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అన్నది అలా లోకానికి తెలిసింది. కొందరి జన్యువుల్లో ఉన్న తేడా వల్ల హాలోథేన్, సెవోఫ్లూరేన్ వంటి మత్తు వాయువులకు, సక్సినైల్‌కోలిన్ ఇంజక్షన్‌కు కండరాల్లో కాల్షియం అదుపు తప్పి, కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుని మండిపోతాయి. పేరులో వేడి ఉంది కదా అని థర్మామీటర్ చూస్తూ కూర్చుంటే పప్పులో కాలేసినట్టే. ముందు బయటికి వదిలే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దవడ బిగుస్తుంది, గుండె పరుగెడుతుంది. జ్వరం సాధారణంగా ఆ తర్వాతే వస్తుంది. మందు డాంట్రోలిన్. చాలా అరుదైన జబ్బు, చాలామంది నర్సులు ఉద్యోగం మొత్తంలో ఒక్కసారైనా చూడకపోవచ్చు. పరీక్షలో మాత్రం తప్పకుండా చూస్తారు. అందుకే “మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా?” అని అడుగుతారు. మేనమామ సంగతైనా సరే, చెప్పండి.

ఇన్ని గుర్తుల్ని ఒక్క మనిషి తలలో పెట్టుకుని, పదిహేను మంచాల మధ్య తిరుగుతూ లెక్క తేల్చడం కష్టం. దీనికి బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో న్యూస్ అనే పట్టిక తెచ్చి, 2017లో సవరించింది. శ్వాస, ఆక్సిజన్, పై బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రతలకు సున్నా నుంచి మూడు దాకా పాయింట్లు. విడిగా ఆక్సిజన్ పెట్టి ఉంటే ఇంకో రెండు. మన మూడో పేషెంటుకే వేసి చూద్దాం. బీపీ 112, సున్నా. నాడి 118, రెండు. శ్వాస లెక్కపెడితే 22, రెండు. ఆక్సిజన్ 95, ఒకటి. వేడి 36.8, సున్నా. పూర్తి మెలకువలో ఉన్నాడు, అయోమయం లేదు, సున్నా. మొత్తం 5. విడివిడిగా చూస్తే ఏ అంకే భయపెట్టదు. కలిపితే, డాక్టరు వెంటనే వచ్చి చూడాల్సిన గీత సరిగ్గా 5 దగ్గరే ఉంది. 7 అయితే ఎమర్జెన్సీ. అయోమయం కొత్తగా మొదలైతే దానికొక్కదానికే మూడు పాయింట్లు. మన ఆస్పత్రుల్లో ప్రతి వార్డు గోడకూ అతికించదగిన కాగితం ఇది, ఖర్చు జిరాక్స్ డబ్బులు.

కాస్త వెనక్కి వెళ్తే, ఆపరేషన్‌కు ముందు నర్సు పనిలో ఎక్కువ భాగం ఆపడం. ఆకలితో ఉన్నాడని దొంగచాటుగా పెట్టిన ఇడ్లీని ఆపాలి. మత్తులో దగ్గు, మింగుడు పనిచేయవు కాబట్టి కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మత్తుకు ముందు విడవాల్సిన ఎడం మంచినీళ్ళ లాంటి తేట ద్రవాలకు 2 గంటలు, తల్లిపాలకు 4, మామూలు పాలకు, తేలికపాటి తిండికి 6, నూనె వంటలకు, మాంసానికి 8 గంటలు. పాలు కలిపిన కాఫీ తేట ద్రవం కాదు, మజ్జిగా కాదు. మరోపక్క “రాత్రి పన్నెండు నుంచి ఏమీ వద్దు” అని చెప్పి మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్ పెట్టడం కూడా పాతకాలపు అలవాటే. చక్కెర జబ్బు ఉన్న ముసలివాళ్ళకు అది శిక్ష.

ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ పెట్టే సంతకం సంగతి కూడా అంతే. సంతకం పెట్టాక పేషెంటు “ఇంతకీ ఏం తీసేస్తారమ్మా?” అని అడిగితే నర్సు తనకు తెలిసిందే అయినా చెప్పకూడదు, సర్జన్‌ని పిలవాలి. వివరించడం ఆపరేషన్ చేసేవాళ్ళ బాధ్యత, నర్సు సాక్షి. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు పేషెంటు సమ్మతి విషయాన్ని గట్టిగా చెప్పింది. లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్న మహిళ మత్తులో ఉండగా తల్లి అనుమతితో గర్భసంచి తీసేశారు. స్పృహలోకి వచ్చి తానే నిర్ణయించుకోగల మనిషి బదులు, ప్రాణాపాయం లేనప్పుడు, ఇంకొకరు ఒప్పుకుంటే చెల్లదని కోర్టు తేల్చింది.

ఆపరేషన్ అయ్యాక రెండో రోజు నుంచి ఏడో రోజు దాకా నర్సుకు ఎదురయ్యేది కత్తి కన్నా ఎక్కువగా పథ్యం. పప్పు తింటే చీము పడుతుందన్న మాట గోదావరి జిల్లాల నుంచి పాలమూరు దాకా వినిపిస్తుంది. కుట్ల దగ్గర కొత్త కణజాలం అల్లుకోవడానికి కావాల్సింది ప్రోటీన్. మాంసం తినని ఇంట్లో అది వచ్చేది ముఖ్యంగా పప్పులోంచే. దాన్ని మానిపించి చారన్నంతో నెల గడిపితే గాయం సరిగ్గా మానదు, చీము పడితే ఆ నింద మళ్ళీ పప్పు మీదికే పోతుంది. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. షుగర్ అదుపులో లేకపోవడం, పొగ తాగడం, ఉతకని గుడ్డతో గాయం తుడవడం దానికి తోడ్పడతాయి. డాక్టరు తినమన్న రోజు నుంచీ పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి.

ఆపరేషన్ తర్వాత ఊపిరి వ్యాయామానికి మూడు బంతుల మిషన్ ఇచ్చినప్పుడు ఎక్కువమంది దాన్ని ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. కుట్ల నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసేవాళ్ళ ఊపిరితిత్తుల అడుగున గాలి గదులు ముడుచుకుంటాయి, గట్టిగా పీలిస్తేనే తెరుచుకుంటాయి. దగ్గేటప్పుడు కడుపు మీద దిండు అదిమిపెట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. నడక కూడా అందుకే, పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి. మంచం దిగితే కుట్లు ఊడతాయన్న భయం ఒకప్పుడు డాక్టర్లకూ ఉండేది. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల్లో మొదలుపెట్టిన పద్ధతులు ఆ భయాన్ని తలకిందులు చేశాయి. తొందరగా నడిపించి, తొందరగా తినిపిస్తేనే తొందరగా కోలుకుంటున్నారు. ఒక పిక్క మాత్రం వాచి నొప్పెడితే దానికి నూనె రాసి మర్దన చేయకండి. లోపల గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు.

దగ్గగానే కుట్ల దగ్గర ఏదో తెగినట్టు అనిపించి, గులాబీరంగు నీరు కారితే అది తీవ్రమైన సంగతి. సాధారణంగా ఐదో రోజుకూ పదో రోజుకూ మధ్య వస్తుంది. పేగు బయటికి కనిపిస్తే లోపలికి తొయ్యకూడదు. సెలైన్‌తో తడిపిన స్టెరైల్ గుడ్డ కప్పి, తల కొంచెం ఎత్తి, మోకాళ్ళు మడిపించి, నోటికి ఏమీ ఇవ్వకుండా సర్జన్‌ని పిలిపించాలి. నర్సు పేషెంటును వదిలి వెళ్ళకూడదు, పిలవడానికి ఇంకొకరు వెళ్ళాలి. పరీక్షలో ఈ వరస అక్షరాలా అడుగుతారు.

పరీక్షల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మన దగ్గర జీఎన్ఎమ్ లేదా బీఎస్సీ నర్సింగ్ పాసై రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకుంటే లైసెన్సు వచ్చినట్టే. ఎయిమ్స్ పెట్టే నార్సెట్ ఉద్యోగానికి. గల్ఫ్‌కు ప్రోమెట్రిక్, బ్రిటన్‌కు కంప్యూటర్ పరీక్షతో పాటు చేసి చూపించే ఆస్కీ, అమెరికాకు ఎన్‌క్లెక్స్. ఎన్‌క్లెక్స్ 2023 ఏప్రిల్ నుంచి మారింది. ఒక పేషెంటు చార్టు మొత్తం ముందు పెట్టి, ఇందులో పట్టించుకోవాల్సినవేవి, వాటి అర్థమేమిటి, ముందు ఏం చేస్తావు, చేశాక ఫలించిందో లేదో ఎలా తెలుసుకుంటావు అని దశలవారీగా అడుగుతోంది. ప్రశ్నలు 85 నుంచి 150, మీ జవాబును బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్నను ఎంచుతుంది. బిట్ బ్యాంకులు బట్టీపట్టిన మన పిల్లలు ఇక్కడ తడబడుతున్నారంటే తప్పు వాళ్ళది కాదు. కాలేజీల్లో “షాక్ లక్షణాలు రాయుము” అని అడుగుతున్నంతకాలం, పది లక్షణాలూ వస్తాయి కానీ ఏది ముందో రాదు.

ఇదంతా తెలిసిన నర్సుకు కూడా చూసే తీరిక ఉండాలి. పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రుల సర్జరీ పేషెంట్ల మీద లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సు చేతికి ఒక్క పేషెంటు అదనంగా చేరితే నెలలోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. చిక్కులు వచ్చిన పేషెంట్లను కాపాడలేకపోవడమూ అంతే పెరిగింది.

తీరిక కూడా ఉండి నర్సు పసిగట్టిందే అనుకుందాం. రాత్రి రెండున్నరకు సర్జన్‌కు ఫోన్ చెయ్యాలి. “సార్, పేషెంటు బాగోలేదు” అంటే అవతల విసుగు. ఎస్‌బార్ అనే పద్ధతి ఇందుకే వచ్చింది. అమెరికా అణు జలాంతర్గాముల నుంచి ఆస్పత్రుల్లోకి వచ్చిన పద్ధతి ఇది. పరిస్థితి, పూర్వాపరం, నా అంచనా, నాకు కావాల్సింది, ఈ నాలుగూ వరసగా చెప్పాలి. “సార్, మూడో మంచం, పేగు ఆపరేషన్, ఆరు గంటలైంది. నాడి 84 నుంచి 118, బీపీ 112/88, గంటలో మూత్రం 15 మిల్లీలీటర్లు, చేతులు చల్లగా ఉన్నాయి. లోపల బ్లీడింగ్ అనుకుంటున్నాను. మీరు వెంటనే వచ్చి చూడాలి, ఈలోగా రక్తం క్రాస్ మ్యాచ్‌కు పంపమంటారా?” ఇరవై సెకన్ల మాట. “నా అంచనా”, “మీరు రావాలి” అనే రెండూ మన నర్సుల నోట రావడం కష్టం, ఎందుకంటే మన ఆస్పత్రుల్లో వాటిని పొగరు కింద జమకడతారు. సర్జన్లకో విన్నపం: పదిసార్లు ఫోన్ వస్తే తొమ్మిదిసార్లు ఏమీ ఉండదు. ఆ తొమ్మిదిసార్లు కూడా “మంచి పని చేశావమ్మా” అనండి. ఒక్కసారి కసిరితే పదోసారి ఆ ఫోన్ రాదు.